రెండు రూపాయల వడ్డీ నుంచి బయటపడాలంటే: ఇంటిల్లిపాదీ కూర్చుని వేసుకోవాల్సిన లెక్క

అప్పుల్లో ఉన్న ఇంటికి పొదుపు సలహాలు చెప్పేవాళ్ళకి కొదవ ఉండదు. టిఫిన్లు బయట తినకండి, కేబుల్ తీసేయండి, కాఫీ తగ్గించండి అంటారు. నెలకు ఏడు వేలు వడ్డీకే పోతున్న ఇంట్లో కాఫీ మానేస్తే మిగిలేది తలనొప్పి. ముందు ఆ ఏడు వేలు ఎక్కడెక్కడికి పోతున్నాయో తెలియాలి, దాన్ని తగ్గించాలి. ఇంటి ఖర్చుల సంగతి ఆ తర్వాత. ఇక్కడ ఆ వరసలోనే చెబుతున్నాను.

లెక్క కోసం విజయవాడలో ఒక అద్దె ఇల్లు అనుకుందాం. ఆయన ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో పనిచేస్తాడు. ఆవిడ ఇంట్లో మిషన్ కుడుతుంది. ఇద్దరు పిల్లలు. అంతా కలిపి నెలకు 46,000 వస్తుంది. ఇల్లు ఊహించి చెప్పిందే గానీ, అంకెలు మాత్రం మన వీధుల్లో రోజూ వినేవే.

ఒక ఆదివారం అన్నీ బయట పెట్టండి

పిల్లలకి సెలవున్న రోజు చూసుకుని ఇద్దరూ కూర్చోండి. ఆ రోజుకి ఒకటే షరతు: ఏది బయటపడినా ఎవరూ ఎవర్నీ తిట్టకూడదు. ఎందుకంటే చాలా ఇళ్ళలో ఆయన క్రెడిట్ కార్డు సంగతి ఆవిడకి తెలియదు, ఆవిడ పుట్టింటి గొలుసు తాకట్టులో ఉన్న సంగతి ఆయనకి తెలియదు. తిడతారన్న భయముంటే ఒక అప్పు దాగిపోతుంది. దాగిన ఆ అప్పే ఆరు నెలల తర్వాత మొత్తం లెక్కని తలకిందులు చేస్తుంది.

బల్ల మీదకి రావాల్సినవి ఇవి: ప్రామిసరీ నోటు రాసిన అప్పులు, బంగారం తాకట్టు రసీదులు, కార్డు స్టేట్‌మెంట్లు, బండి లోను, డ్వాక్రా పుస్తకం, చీటీ పాస్‌బుక్, ఫోన్‌లో ఉన్న లోన్ యాప్‌లు, కిరాణా కొట్లో పద్దు, బంధువుల దగ్గర తెచ్చిన చేబదుళ్ళు. పాడేసిన చీటీని చాలామంది అప్పు కింద లెక్కేయరు. డబ్బు ముందే తీసుకుని మిగతా వాయిదాలు కడుతున్నారంటే అది అప్పే.

ఇంకొకటి కూడా రాయండి. మీరు ఎవరికైనా షూరిటీ సంతకం పెట్టి ఉంటే, ఆ మొత్తం. అసలు మనిషి కట్టకపోతే ఇచ్చినవాళ్ళు నేరుగా మిమ్మల్నే అడగొచ్చు. చట్టం దృష్టిలో షూరిటీ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. "ఊరికే సంతకమే కదా బావా" అని అడిగే బంధువులకి ఇది తెలియకపోవచ్చు, మీకు మాత్రం తెలిసి ఉండాలి.

బ్యాంకు అప్పుల విషయంలో మతిమరుపుకి మందుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తెప్పించుకోండి. ఎప్పుడో తీసుకుని మర్చిపోయిన చిన్న లోనూ అందులో కనిపిస్తుంది, మీ పేరు మీద ఎవరో తీసుకున్నదైతే అదీ కనిపిస్తుంది.

నోట్‌బుక్‌లో ఒక్కో అప్పుకి ఒక్కో వరస. ఎవరికి ఇవ్వాలి, అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, తీసుకున్న తేదీ, వాళ్ళ దగ్గర మన కాగితం ఏముంది. ఈ చివరి గడి ఎందుకో తర్వాత చెబుతాను.

అన్ని వడ్డీలనూ నూటికి నెలకింత అని రాయండి

బ్యాంకువాడు ఏడాదికి 9 శాతం అంటాడు. వీధిలో రెండు రూపాయలు అంటారు. కార్డువాడు నెలకు మూడున్నర శాతం అని చిన్న అక్షరాల్లో వేస్తాడు. డైలీ ఫైనాన్స్‌వాడు అసలు వడ్డీ అనే మాటే ఎత్తడు. ఇన్ని రకాలుగా ఉంటే ఏది ఎక్కువో తెలిసేదెలా? బ్యాంకు వడ్డీని 12తో భాగించండి. 9 శాతమంటే నూటికి నెలకు 75 పైసలు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అయిదు రూపాయలంటే 60.

డైలీ ఫైనాన్స్ లెక్క కొంచెం ఓపిగ్గా చూడాలి. పది వేలకి 1,500 ముందే పట్టుకుని 8,500 చేతిలో పెడతాడు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "పదిహేను వందలే కదా" అనిపిస్తుంది. కానీ రోజూ అసలు తీరిపోతూ ఉంటుంది కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మీ దగ్గర ఉన్న డబ్బు నాలుగు వేల చిల్లర. దాని మీద మూడు నెలల పైచిలుకుకి 1,500 అంటే నూటికి నెలకు సుమారు పది రూపాయలు. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర తోపుడు బండి పెట్టుకున్నవాళ్ళు ఈ వడ్డీ కడుతూ కూడా వ్యాపారం నిలబెట్టుకుంటున్నారంటే వాళ్ళ కష్టానికి దణ్ణం పెట్టాలి. వీధి వ్యాపారులకి పీఎం స్వనిధి కింద బ్యాంకు అప్పు ఉంది, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ కూడా వస్తుంది. అర్హత ఉన్నవాళ్ళు ముందు అటు వెళ్ళాలి.

మన ఉదాహరణ ఇంటి లెక్క ఇలా తేలింది. కార్డు మీద 60,000, మూడున్నర రూపాయలు. నోటు మీద 2,00,000, రెండు రూపాయలు. బ్యాంకులో బంగారం మీద 1,20,000, ఎనభై పైసలు. బండి లోను నెలకు 3,200, ఇంకో 15 నెలలు. పాడేసిన చీటీ నెలకు 5,000, ఇంకో 9 నెలలు. ఆవిడ అన్నయ్య దగ్గర చేబదులు 50,000, వడ్డీ లేదు. మొదటి మూడింటి వడ్డీ 2,100, 4,000, 960. మొత్తం 7,060. ఇది కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు.

కార్డు గురించి ఒక్క మాట. చాలా కార్డులకు మినిమం డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తం, బిల్లులో 5 శాతం దాకా ఉంటుంది. 60,000కి అది 3,000. అందులో వడ్డీ 2,100, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 378. అసలుకి జమ అయ్యేది అయిదు వందల పైన కాస్త. మినిమం కడుతూ పోతే పిల్లాడు ఇంజనీరింగ్ చేరేదాకా ఆ బిల్లు అలాగే ఉంటుంది.

రొటేషన్ ఆపండి

ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి ఇవ్వడాన్ని మనవాళ్ళు రొటేషన్ అంటారు, అదేదో వ్యాపారమైనట్టు. ఎక్కువ వడ్డీ అప్పు తీర్చడానికి తక్కువ వడ్డీ అప్పు తెస్తే అది తెలివి. తక్కిన రొటేషన్ అంతా రోజులు నెట్టడమే. ఆదివారం కూర్చున్న రోజు నుంచీ కొత్త అప్పు, కొత్త ఈఎంఐ, కొత్త చీటీ, కొత్త షూరిటీ సంతకం ఉండకూడదు. కార్డుని ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లన్నిటిలోంచీ తీసేయండి. నో కాస్ట్ ఈఎంఐ అన్నా సరే వద్దు, దానికీ చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఉంటాయి.

లోన్ యాప్‌ల జోలికి అసలు పోకండి. ఇప్పటికే చిక్కుకుని, ఫొటోలు మార్ఫింగ్ చేస్తామనో, కాంటాక్టులందరికీ మెసేజ్‌లు పెడతామనో బెదిరిస్తుంటే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వండి. పరువు పోతుందని ఊరుకుంటే వాళ్ళకి కావాల్సిందీ అదే.

బీరువాలో బంగారం, అమరావతి దగ్గర స్థలం

మూడున్నర రూపాయల వడ్డీ కడుతూ బీరువాలో గాజులు దాచుకోవడం మన ఇళ్ళలో మామూలే. బంగారం కదిలిస్తే లక్ష్మి పోతుందని పెద్దవాళ్ళు బాధపడతారు. కార్డుకి నెలనెలా పోయేది కూడా లక్ష్మే అత్తయ్యా అని నెమ్మదిగా చెప్పాలి.

మన ఉదాహరణలో బ్యాంకులో ఇంకో 1,60,000కి సరిపడా బంగారం పెట్టారనుకోండి. 60,000తో కార్డు పూర్తిగా తీరిపోయింది. లక్షతో నోటు సగం తీరింది. ఇప్పుడు వడ్డీ ఎంత? నోటు మీద 2,000, బంగారం మీద 2,240. మొత్తం 4,240. ఖర్చు ఒక్కటీ తగ్గించకుండా నెలకు 2,820 మిగిలింది. ఇంటి బడ్జెట్‌లో ఇంత డబ్బు ఇంత సులువుగా ఇంకెక్కడా దొరకదు.

దీనికో జాగ్రత్త ఉంది. చాలామంది ఏడాది కాగానే వడ్డీ మాత్రం కట్టి తాకట్టు తిరగరాయించి మర్చిపోతారు. అలా నాలుగేళ్ళు గడిపితే ఒకసారి వడ్డీ కట్టలేని రోజు వస్తుంది, నోటీసు వస్తుంది, ఆ తర్వాత వేలం. విడిపించే తేదీ నోట్‌బుక్‌లో రాసుకోలేని బంగారమైతే, తాకట్టు కంటే ఒక నగ అమ్మేయడమే మేలు అంటాను. ఎవరూ పెట్టుకోని పాత మోడల్ హారానికి కొన్నేళ్ళుగా వడ్డీ కడుతున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

ఇక స్థలాలు. విజయవాడ, గుంటూరు మధ్య ఉన్న మనకి ఈ జబ్బు కాస్త ఎక్కువ. 2015లో రాజధాని శంకుస్థాపన నాటి ఊపు చూశాం, 2019 తర్వాత రేట్లు పడడం చూశాం, 2025 మేలో పనులు మళ్ళీ మొదలయ్యాక మాటలు మళ్ళీ కోట్లలోకి వెళ్ళాయి. స్థలం కొనడం తప్పని అనను. అప్పు తెచ్చి కొన్నది, లేదా అప్పులుండగా అమ్మకుండా పట్టుకున్నది మాత్రం లెక్క వేసి చూడాలి. పది లక్షలు రెండు రూపాయలకి తెస్తే నెలకు 20,000, ఏడాదికి 2,40,000 వడ్డీ. అంటే ఆ స్థలం ఏటా 24 శాతం పెరిగితేనే మీరు నష్టపోకుండా ఉన్నచోట ఉంటారు. ఒక్క ఏడాది పెరక్కపోతే ఆ ఏటి వడ్డీ పైసాతో సహా మీ జీతంలోంచే పోయినట్టు. "ఇంకో రెండేళ్ళు ఆగితే డబుల్" అనే మధ్యవర్తి ఆ రెండేళ్ళ వడ్డీ కట్టడు. అప్పు మీద ఉన్న స్థలానికి గిట్టుబాటు ధర వస్తే అమ్మి అప్పు తీర్చడం ఓడిపోవడమేమీ కాదు.

ఇచ్చినవాళ్ళతో మీరే ముందు మాట్లాడండి

మన ఊళ్ళో రెండు రూపాయలకి ఇచ్చేవాళ్ళు ఎక్కువమంది రిటైరైన ఉద్యోగులో, పక్క వీధిలో కిరాణా కొట్టువాళ్ళో. వాళ్ళు ఆ వడ్డీ మీద ఇల్లు గడుపుకుంటూ ఉంటారు. వాయిదా తప్పాక వాళ్ళు వెతుక్కుంటూ రావడం వేరు, మీరే ముందు వెళ్ళి "మాస్టారూ, లక్ష ఇప్పుడు ఇచ్చేస్తున్నాను, మిగతా లక్ష ఏడాదిన్నరలో తీరుస్తాను, వడ్డీ రూపాయిన్నర చేయండి" అనడం వేరు. అసలు చేతిలో పెడుతున్న మనిషికి చాలామంది ఎంతో కొంత తగ్గిస్తారు. వడ్డీ తగ్గించకపోయినా, అసలులో పాతిక వేల చొప్పున తీసుకోవడానికి ఒప్పించండి. చిన్న మొత్తాలు తీసుకోనంటే పోస్టాఫీసులో ఆర్డీ (నెలనెలా కట్టే పొదుపు) వేసి, పాతిక వేలు కాగానే తీసుకెళ్ళి ఇవ్వండి.

ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. తేదీ, ఎంత ఇచ్చారు, అది అసలా వడ్డీనా. బ్యాంకు ద్వారా పంపితే ఇంకా మంచిది, రుజువు దానంతటదే ఉంటుంది. ప్రామిసరీ నోటుకి మామూలుగా మూడేళ్ళ కాలదోషం ఉంటుంది, చెల్లు రాసి సంతకం పెట్టిన తేదీ నుంచి అది మళ్ళీ లెక్కలోకి వస్తుంది. మూడేళ్ళు దాటగానే అప్పు ఎగ్గొట్టొచ్చని చెప్పే మహానుభావులుంటారు. తెలిసినవాళ్ళ దగ్గర ఆ పని చేస్తే మళ్ళీ అవసరానికి ఎవరూ రూపాయి ఇవ్వరు.

ఖాళీ నోటు మీద సంతకం, ఖాళీ చెక్కు ఎక్కడైనా ఇచ్చి ఉంటే అది నోట్‌బుక్‌లో చివరి గడిలో ఎర్ర ఇంకుతో ఉండాలి. 2015 డిసెంబర్‌లో విజయవాడలో అధిక వడ్డీకి అప్పులిచ్చి వేధించిన కాల్ మనీ వ్యవహారం రాష్ట్రమంతా మోగినప్పుడు బయటపడిన వాటిలో ఇలాంటి కాగితాలే ఎక్కువగా వినిపించాయి. ఆ అప్పు చిన్నదైనా సరే ముందు తీర్చి కాగితాలు వెనక్కి తెచ్చుకోవాలి. తీరాక కూడా కాగితం ఇవ్వకుండా తిప్పినా, ఇంటి మీదకొచ్చి గొడవ చేసినా పోలీసుల దగ్గరకి వెళ్ళడానికి సంకోచించకండి.

బ్యాంకు రికవరీ ఏజెంట్లయితే ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. దాటితే ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరకి వెళ్ళొచ్చు, దానికి ఫీజు లేదు.

ఎక్కువ వడ్డీ అప్పు ముందు, తక్కువది తర్వాత. ఇదే వరస. చేబదులుకి వడ్డీ లేదు కాబట్టి లెక్క ప్రకారం అది చివర్న వస్తుంది, కానీ బంధుత్వం ఈ లెక్కల్లో ఇమడదు. ఆవిడ అన్నయ్యకి ఫోన్ చేసి "అన్నయ్యా, నీది మర్చిపోలేదు, నోటు తీరగానే నీకే మొదలుపెడతాం" అని చెబితే ఆయన ఇంకో రెండు పండగలకి నవ్వుతూనే వస్తాడు. ఆయన కూతురి పెళ్ళి దగ్గర పడితే మాత్రం వరస మార్చి ముందు ఆయనకే ఇవ్వండి.

ఇప్పుడు ఇంటి ఖర్చు

బడ్జెట్ నెల లెక్కతో మొదలుపెట్టేవాళ్ళు జూన్‌లో దొరికిపోతారు. స్కూలు ఫీజులు, పుస్తకాలు, యూనిఫారం ఒక్కసారిగా మీద పడి మళ్ళీ అప్పు చేయిస్తాయి. అందుకే ఏడాదికోసారి వచ్చే ఖర్చులు ముందు రాయాలి. మన ఇంట్లో పిల్లల చదువులు 60,000, దసరా సంక్రాంతి బట్టలూ పిండివంటలూ 15,000, పెళ్ళిళ్ళ చదివింపులు, ప్రయాణాలు 10,000, ఏప్రిల్ మే నెలల అదనపు కరెంటు బిల్లు 6,000, బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ 5,000. మొత్తం 96,000. నెలకు 8,000. జీతం పడగానే ఇది వేరే ఖాతాలోకి వెళ్ళిపోవాలి, ఆ ఖాతాకి ఫోన్‌పే పెట్టకూడదు. చదువుకునే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు వస్తే అదీ నేరుగా ఇందులోకే.

ఇక నెల: అద్దె 9,000, వడ్డీలు 4,240, బండి 3,200, చీటీ 5,000, ఏడాది ఖర్చుల వాటా 8,000. అంటే 29,440. మిగిలింది 16,560. గ్యాసు, కరెంటు, ఫోన్లకి 3,000 తీసేసి, కూరలు, పాలు, కిరాణా, పెట్రోలుకి వారానికి 2,500 చొప్పున నోట్లుగా తెచ్చి వంటింటి డబ్బాలో పెట్టండి. ఫోన్‌లో స్కాన్ చేస్తే ఇరవై, నలభై ఎటు పోయాయో తెలియదు, డబ్బా అడుగు కనిపిస్తే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. నెలకు 2,500 దాకా మిగులుతుంది. తక్కువే. తొమ్మిది నెలలకి చీటీ అయిపోతే దానికి 5,000, బండి తీరాక ఇంకో 3,200 కలుస్తాయి. అలా కలిసినదాన్ని ఖర్చుల్లో కలవనివ్వకుండా వరసలో ముందున్న అప్పుకి మళ్ళిస్తే, ఈ ఇంటికి నాలుగేళ్ళ లోపే అన్నీ తీరతాయి.

ఎక్కడ తగ్గుతుందో మీ ఇల్లు మీకే తెలుసు, అందుకే రెండు మూడు మాటలే చెబుతాను. కూరలు రైతు బజారులో వారానికి రెండుసార్లు తెచ్చుకుంటే ఇంటి ముందు బండి దగ్గర కొన్నదానికీ దీనికీ తేడా మీకే తెలుస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. బీసెంట్ రోడ్డుకో, గుంటూరు చుట్టాలింటికో ఆటో కట్టించుకునే ముందు ఇది గుర్తు పెట్టుకోండి. ఎండాకాలంలో కరెంటు స్లాబు దాటేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది కాబట్టి ఏసీ ఒక గదిలోనే, అందరూ ఆ గదిలోనే. బెజవాడ ఎండల్లో ఏసీ మానేయమని మాత్రం చెప్పను.

చదివింపుల దగ్గర మొహమాటం పక్కన పెట్టండి. వాళ్ళు మనకి 2,000 చదివించారు కాబట్టి మనం 3,000 చదివించాలన్న లెక్క ఎక్కడా రాసి లేదు.

జీతం కాకుండా రోజువారీ సంపాదన ఉన్నవాళ్ళకి, అంటే ఆటో నడిపేవాళ్ళు, గుంటూరు మిర్చి యార్డులో సీజను పని చేసేవాళ్ళకి, లెక్క వేరు. గత ఏడాదిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలని మీ ఆదాయం అనుకుని బడ్జెట్ వేయండి. సీజనులో ఎక్కువ వచ్చింది వచ్చినట్టే అసలుకి పోవాలి. మిర్చి సీజను నాలుగు నెలల సంపాదన చూసి కొత్త బండి కొంటే, వానాకాలంలో దాని ఈఎంఐ కోసం డైలీ ఫైనాన్స్ దగ్గర నిలబడాల్సి వస్తుంది.

జ్వరం వచ్చినా మళ్ళీ అప్పు చేయకుండా

మొదటి ఆరు నెలలు మిగిలే 2,500 అప్పుకి కట్టకండి. 15,000 అయ్యేదాకా పక్కన పెట్టండి. రెండు రూపాయల వడ్డీ నడుస్తుండగా డబ్బు దాచడం తెలివితక్కువగా అనిపిస్తుంది. కానీ పిల్లకి డెంగీ వచ్చి ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే చేతిలో ఏమీ లేని ఇల్లు అడిగిన వడ్డీకి తెచ్చుకుంటుంది, అప్పుడు అయిదు రూపాయలైనా కాదనలేరు. ఇంటికి ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో, పేర్లన్నీ సరిగా ఉన్నాయో లేదో బాగున్నప్పుడే సచివాలయంలో కనుక్కోండి. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా ఉన్నాయి, ఒక్కోటి రెండు లక్షలు. మొదటిది ఏ కారణంతో మనిషి పోయినా, రెండోది ప్రమాదానికి. అప్పు ఉన్న ఇంట్లో సంపాదించే మనిషికి ఇవి లేకపోవడం దారుణం.

పిల్లలకి కూడా చెప్పండి, అంకెలన్నీ అక్కర్లేదు. "రెండేళ్ళు కొత్త ఫోన్లు లేవు, ఈ నోటు తీర్చుతున్నాం" అంటే ఏడో తరగతి పిల్లకి అర్థమవుతుంది. నెలకోసారి నోట్‌బుక్ తెరిచినప్పుడు తగ్గిన అసలు కొట్టేసే పని వాళ్ళకే ఇవ్వండి.

తీరిన రోజు చేయాల్సినవి

డబ్బు ఇచ్చి చేతులు దులుపుకుని రాకండి. ప్రామిసరీ నోటు అసలు కాగితం తీసుకుని, అడ్డంగా గీత కొట్టి, పూర్తిగా ముట్టినట్టు వాళ్ళతో రాయించి సంతకం పెట్టించుకోండి. నోటు కనిపించడం లేదంటే తెల్ల కాగితం మీద అదే సంగతి రాయించి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. చెక్కులు లెక్కపెట్టి వెనక్కి తెచ్చుకోండి. చీటీ పూర్తయితే మీకు షూరిటీ ఇచ్చినవాళ్ళ కాగితాలు కూడా విడిపించి వాళ్ళ చేతికివ్వండి.

బండి లోను తీరితే ఫైనాన్స్ సంస్థ నుంచి ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం), ఫారం 35 తీసుకుని వెంటనే ఆర్‌సీ మీద ఆ సంస్థ పేరు తీయించండి. తర్వాత చూద్దాంలే అని వదిలేస్తే బండి అమ్మే రోజున ఆ ఎన్‌ఓసీ కోసం మళ్ళీ తిరగాలి. ఇల్లు, స్థలం తాకట్టు పెట్టి తీర్చినట్టయితే అసలు దస్తావేజులు 30 రోజుల్లోగా తిరిగివ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు చెల్లించాలి. ఇది 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉన్న నిబంధన. కార్డు తీర్చాక క్లోజ్ చేయమని రాతపూర్వకంగా అడగండి. తగ్గించి సెటిల్ చేసుకోమని వాళ్ళు ఆఫర్ ఇస్తే, రిపోర్టులో "క్లోజ్డ్" బదులు "సెటిల్డ్" అని పడుతుందని, తర్వాత ఇంటి లోను అడిగినప్పుడు అది అడ్డొస్తుందని తెలుసుకుని నిర్ణయించుకోండి. రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు మళ్ళీ తెప్పించి, తీరిన అప్పు ఇంకా బాకీగా కనిపిస్తుంటే ఆ సంస్థకి ఫిర్యాదు పెట్టండి, ఎన్‌ఓసీ కాపీ జత చేస్తే చాలు.